పాత మోటారు సీటు చెప్పెడి చరిత్ర

హైదరాబాదు నగరము నుండి శంషాబాదు వైపు పోవువారికి ఆరాంఘర్ కూడలికి చేరువలో మైలార్‌దేవ్‌పల్లి ఉన్నది. పేరులో మైలారదేవుడున్నాడు, కంటికి మాత్రము కార్ఖానాల రేకుల కప్పులే కనబడును. కాటేదాను పారిశ్రామికవాడ ఇక్కడిదే. ప్లాస్టిక్కు, రబ్బరు, పరుపులు మొదలైన సరకులు చేయు చిన్న కార్ఖానాలు ఈ వాడలో అనేకము. 2008 మార్చి 23వ తేదీని శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట ఈ ప్రాంతపు దారులలో బండ్ల రద్దీ మరింత పెరిగినది. పోవు బండి ఏదైనను, అందులోని మనిషి సీటు మీద కూర్చుండియే పోవును. ఐనను ఆ సీటుకు ఒక చరిత్ర కలదని తలచువారు అరుదు. మేమును తలచినవారము కాము. ఒక ప్లిమత్ బండి మాకు ఆ తలపు కలిగించినది.

మైలార్‌దేవ్‌పల్లిలో మా మిత్రులొకరికి రేకుల కొట్టమొకటి ఉన్నది. అందులో వారి తాతగారి నాటి ప్లిమత్ కారు నిలిచియున్నది. ఇంజను బాగు చేయించినారు. రంగు వేయించినారు. బంపరు అద్దమువలె మెరయుచున్నది. తలుపు తెరచి చూతుము గదా, లోపల సీట్లు లేవు. ఇనుప చట్రములు, స్ప్రింగులు మాత్రము మిగిలినవి.

"సీట్లేమైనవండీ?" అని అడిగితిమి.

"మూడు పొరలుగా చినిగి, ఎలుకలు గూడు కట్టినవండీ. తీసి పారవేయించినాను. క్రొత్తవి అమెరికా నుండి తెప్పింతమని చూచుచున్నాను" అన్నారు.

రెండేండ్లు చూచినారు. దొరకలేదు. తుదకు పాతబస్తీలో సీట్లు కుట్టు వృద్ధుడొకనిని పిలిపించినారు. ఆయన బండి చుట్టు ఒకమారు తిరిగి, చట్రమును చేతితో తడిమి, ఒక్క ప్రశ్న వేసినాడు: "పాత కవరు ఏదీ సాబ్?"

ఆ ప్రశ్నకు మా మిత్రుల కడ సమాధానము లేకపోయినది. ఆ ప్రశ్న ఎంత లోతైనదో తెలియవలెనన్న మోటారు సీటు పుట్టుక నుండి చెప్పుకొనవలెను.

మోటారు బండి బగ్గీకి బిడ్డ. గుఱ్ఱము పోయి ఇంజను వచ్చినది గాని, కూర్చుండు చోటు మారలేదు. చుట్టలు తిరిగిన ఉక్కు స్ప్రింగులు, వాని మీద గోనెగుడ్డ, దాని మీద గుఱ్ఱపు వెంట్రుకలు, దూది, అన్నిటికి పైన గుండీలు వేసి బిగించిన తోలు. ఇదియే తొలినాటి సీటు. బగ్గీలు చేసినవారే మోటారు పెట్టెలును చేసిరి. ధనవంతుడు ఇంజనును చట్రమును ఒకచోట కొని, పైపెట్టెను మరియొకచోట తన ఇష్టము చొప్పున చేయించుకొనెడి ఆచారము ఉండినది.

ఇందుకు గొప్ప నిదర్శనము హైదరాబాదులోనే ఉన్నది. 6వ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు బండికి ఆర్డరు ఇచ్చిరి. పెట్టె పని బార్కర్ వారిది. పసుపుపచ్చని రంగు, వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా అమర్చినది. 1911 ఆగస్టు 29వ తేదీని మహబూబ్ అలీ ఖాన్ కాలధర్మము చెందినందున ఆ బండి 7వ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వశమైనది. అది నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్నది. ఆ బండికి ప్రాణము ఇంజనులో కాదు, ఆసనములో ఉన్నది. సాధారణమైన సీటు వేసినచో అది మరియొక రోల్స్ రాయిస్ మాత్రమే యగును.

బండ్లు రాజుల నుండి జనులకు దిగివచ్చినప్పుడు సీటును మారినది. ఫోర్డు వారి మోడల్ టి 1908 నుండి 1927 వరకు తయారై, సంఖ్యలో కోటిన్నరకు చేరినది. ఇన్ని బండ్లకు తోలు ఎక్కడ నుండి వచ్చును? కావున గుడ్డ మీద పూత పూసి, తోలు గీతలు అచ్చొత్తిన కృత్రిమచర్మము వాడుకలోనికి వచ్చినది. అమెరికాలో ఫాబ్రికాయిడ్ అను పేరున దీనిని చేయు సంస్థను 1910లో డ్యూపాంట్ వారు కొనిరి. ఇంగ్లండులో మాంచెస్టరు దాపున హైడు పట్టణమున ఇట్టి సరకు చేసిన సంస్థ పేరు రెక్సిన్. ఒక కంపెనీ పేరు మన భాషలో వస్తువు పేరై స్థిరపడినది. నేడు మన ఇంటి సోఫాకు, ఆటో సీటుకు, బడి సంచికి 'రెక్సిను' అనుచున్నప్పుడు ఆ ఇంగ్లీషు కంపెనీని తలచువారెవరు?

మొదట మోటార్లు పైకప్పు తెరచి యుండెడివి. వానకు ఎండకు తోలుగాని, పూత గుడ్డగాని ఆగును. ఉన్ని గుడ్డ ఆగదు. 1920లలో నాలుగు వైపుల మూసిన బండ్లు అమెరికాలో శీఘ్రముగా వ్యాపించెను. కప్పు వచ్చినంతనే లోపలికి మెత్తని గుడ్డ వచ్చినది. అంగోరా మేక వెంట్రుకల నుండి నేసిన మోహేరు, నున్నని ఉన్ని గుడ్డ, సన్నని చారల గుడ్డ, ఇవి ఆనాటి సీట్ల సొగసు. ఇంటి గదివలె బండి లోపలి భాగమును అలంకరించుట అప్పుడు మొదలైనది.

1927లో జనరల్ మోటార్సు వారు హార్లీ ఎర్ల్ అను నిపుణుని ఆధ్వర్యమున కళకు, రంగులకు ప్రత్యేక శాఖ నెలకొల్పిరి. ఏటేట బండి రూపును కొద్దికొద్దిగా మార్చి, నిరుటి బండిని పాతబండిగా తోపింపజేయు పద్ధతి దానితో బలపడినది. దీని ఫలము సీటు మీద అధికముగా పడినది. ఇంజను పది ఏండ్లు మారక యుండవచ్చును. సీటు గుడ్డ మాత్రము ఏటికొక చార, ఏటికొక రంగు, ఒకే ఏట బండి హోదాను బట్టి మరి రెండు మూడు తరహాలు. 1950లలో నైలాను, వినైలు, జిగినీ దారము కలిపిన గుడ్డలు వచ్చెను. గుఱ్ఱపు వెంట్రుకల స్థానమున రబ్బరు నురుగు మెత్తలు వచ్చెను. ఆ ఏడు ముగిసినంతనే ఆ గుడ్డ నేత ఆగిపోవును. డెబ్బది ఏండ్ల తరువాత ఒకడు వచ్చి "1949 నాటి ఫలానా బండికి వేసిన చారల గుడ్డ కావలె"నన్నచో ఏ మిల్లు ఇయ్యగలదు?

ఇక ఈ అమెరికా బండ్లు మన దేశమునకు వచ్చిన తీరు చూతము. ఫోర్డు వారు 1926లో ఇక్కడ శాఖ పెట్టిరి. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయిలో బండ్లను కూర్చుట ఆరంభించిరి. విడిభాగములు పెట్టెలలో ఓడనెక్కి వచ్చును; ఇక్కడ వాటిని కూర్చుదురు. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున బొంబాయి ప్రీమియర్ వారు డాడ్జి, ప్లిమత్, డిసోటో బండ్లను, హిందుస్థాన్ మోటార్సు వారు స్టూడిబేకర్లను కూర్చిరి. 1953లో ప్రభుత్వ విధానము మారినది. ఇక్కడనే క్రమముగా భాగములు తయారు చేయు కార్యక్రమము లేని విదేశీ సంస్థలకు తావు లేకపోయినది. ఫోర్డు, జనరల్ మోటార్సు వారు తమ పని ముగించుకొని పోయిరి.

ఈ కథ వలన నేటి యజమానికి రెండు చిక్కులు కలిగినవి. మొదటిది: మన బండ్లకు స్టీరింగు కుడివైపున ఉన్నది. కావున అమెరికాలో ఎడమ స్టీరింగు బండికి కుట్టిన తొడుగులు, తలుపు అట్టలు కొన్ని మన బండికి ఉన్నవున్నట్లు అమరవు. రెండవది: పెట్టెలలో వచ్చి ఇక్కడ కూర్పబడిన బండికి అమెరికా పుస్తకములో చూపిన గుడ్డయే వేసిరని నమ్ముటకు వీలులేదు. పుస్తకము ఒకటి చెప్పవచ్చును, బండి ఒకటి చెప్పవచ్చును. అట్టి వేళ సాక్ష్యము చెప్పగలది ఆ బండికున్న పాత గుడ్డ ఒక్కటే.

అమెరికాలో ఈ కొరత తీర్చుటకు నకలు భాగముల వర్తకము పుట్టి పెరిగినది. పాత సీటును విప్పి, ముక్క ముక్కకు కాగితపు నమూనా తీసి, అదే నేత గుడ్డను మరల నేయించి, ఇంటికి పంపెడి సంస్థలు అక్కడ కలవు. ఐతే వర్తకుడు సంఖ్యను చూచును. 1928 నుండి 1931 వరకు మోడళ్లుగా వచ్చిన ఫోర్డు మోడల్ ఎ బండ్లు 48 లక్షలకు పైగా తయారైనవి. 1964 ఏప్రిల్ 17వ తేదీని విడుదలైన మస్టాంగు రెండేండ్లు నిండకమునుపే పది లక్షలు దాటినది. ఇట్టి బండ్లకు సీటు తొడుగు మొదలు దారపు రంగు వరకు దొరకును. తక్కువ సంఖ్యలో పుట్టిన బండ్లకు, తయారీదారు నశించిన బండ్లకు దొరకుట దుర్లభము. నాష్, హడ్సన్ పేర్లు 1957తో ముగిసినవి. ప్యాకార్డు 1958తో, డిసోటో 1960తో, స్టూడిబేకరు 1966తో అంతరించినవి. ప్లిమత్ పేరును 2001లో పోయినది. వీటిలో కొన్ని పేర్లు మన పాత జమీందారీ ఇండ్లలోను, వైద్యుల ఇండ్లలోను, వకీళ్ల ఇండ్లలోను పెద్దలు నేటికిని తలచుకొను పేర్లే.

నకలు చేయువారును చిరంజీవులు కారు. మసాచుసెట్స్ రాష్ట్రమున ఏమ్స్‌బరీ అను పట్టణము ఒకనాడు బగ్గీల తయారీకి ప్రసిద్ధము. ఆ ఊరిలోనే లెబారన్ బానీ అను సంస్థ తరములుగా పాత ఫోర్డు బండ్లకు సీటు తొడుగులు కుట్టి ఇచ్చినది. 2019లో ఆ సంస్థ మూతబడినది. ఇట్టి దుకాణము మూతబడిన దినమున పోవునది దుకాణము మాత్రము కాదు. నమూనాలు చూచి కత్తెర ఆడించిన చేతులును చెదరిపోవును.

మన దేశమున ఇట్టి వర్తకము పుట్టలేదు. దిగుమతుల మీద కట్టుబాట్లు ఉన్న కాలమున బండి నడచుటకు వలసిన భాగము దొరకుటయే గగనము. సీటు గుడ్డకు లైసెన్సు కోరువాడెవడు? కావున మనవారు మనదైన ఉపాయము చేసికొనిరి. మోహేరు చినిగినచోట రెక్సిను వేసిరి. గుఱ్ఱపు వెంట్రుకలు రాలినచోట కొబ్బరి పీచు నింపిరి. దక్కను ఎండకు రెక్సిను కాలునని దాని మీద తెల్లని నూలు తొడుగు వేసిరి. ఈ పని చేయు దర్జీలు కార్ల యజమానులకే గాక బస్సులకును కావలసి వచ్చిరి. 1932 జూన్ 15వ తేదీని నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. బస్సు వచ్చినచోటికి సీటు పనియు వచ్చును గదా.

మనవారు చేసిన ఈ మరమ్మతులను చిన్నచూపు చూడరాదు. వాటి వలననే ఆ బండ్లు నడచినవి. వాటి వలననే మూల గుడ్డయు కొంత దక్కినది. ఎట్లనగా, మన దర్జీ పాత గుడ్డను తీసి పారవేయుట అరుదు. దాని మీదనే క్రొత్త గుడ్డ బిగించెడివాడు. మెత్తదనము కలసివచ్చును, శ్రమ తగ్గును. ఇట్లు ఒక్కొక్క సీటు ఉల్లిపాయవలె పొరలు పొరలుగా పెరిగినది. పైన నూలు, దాని క్రింద రెక్సిను, దాని క్రింద మరియొక రెక్సిను, అన్నిటికి అడుగున ఎండ తగులక, రంగు చెడక, మొదటి గుడ్డ. పురావస్తువుల వారు దిబ్బను త్రవ్వి పొరలను చదివినట్లు ఈ సీటును చదువవచ్చును. మా మిత్రులు పారవేయించినది ఇట్టి దిబ్బనే.

పాత సీటును చదువు పద్ధతి ఆ వృద్ధుడు మాకు వివరించినాడు. ఇంట పాత బండి గలవారికి పనికివచ్చునని ఇక్కడ చెప్పుచున్నాము. విప్పకమునుపే నాలుగు వైపుల ఫోటోలు తీయవలెను. సీటు ఎత్తు, అంచు వంపు కొలచి వ్రాసికొనవలెను. ఒక్కొక్క పొరను విడిగా తీసి, దానికి చీటీ కట్టవలెను. గుడ్డను చింపరాదు, కుట్టు విప్పవలెను. కుట్టు విప్పిన ప్రతి ముక్కయు ఒక నమూనా. గుడ్డ పడుగు ఏ దిక్కున ఉన్నదో, మోహేరు నూగు ఏ వైపునకు వాలియున్నదో ముక్క మీద గుర్తు పెట్టవలెను. అది తప్పినచో ఒకే గుడ్డ రెండు రంగులుగా కనబడును. అంగుళమునకు ఎన్ని కుట్లో లెక్కింపవలెను.

నిజమైన రంగు కావలెనన్న సీటు నడిమి భాగము చూడరాదు, అది వెలసియుండును. కుట్టులోనికి మడిచిన అంచు, సీటు అడుగున చట్రమునకు చుట్టిన భాగము, చేతి ఆనిక క్రింది భాగము చూడవలెను. గుడ్డను చట్రమునకు బిగించిన చిన్న తీగ ఉంగరములలో చిక్కిన పోగులు సైతము సాక్ష్యమే. జనరల్ మోటార్సు బండ్లలో ఇంజను వెనుక గోడ మీద ఫిషర్ బాడీ వారి రేకు ఉండును. దాని మీద లోపలి గుడ్డకు సంబంధించిన సంఖ్య చెక్కియుండును. బండికి రంగు వేయునప్పుడు ఆ రేకును ఊడబెరికి పోగొట్టువారు కలరు. అది బండి జాతకమును చింపివేయుటయే.

స్ప్రింగులను తుప్పు వదలించి, విరిగినవానిని మార్చి, గట్టి పురితో మరల కట్టవలెను. మెత్త విషయమున నేటివారు పొరపడుచున్నారు. చౌకగా దొరకునని ఫోమును దట్టముగా నింపుదురు. అప్పుడు సీటు బూరెవలె ఉబ్బును. కూర్చున్నవాని తల కప్పునకు తగులును. పాత సీటు మెత్తదనము స్ప్రింగుది, నింపినదానిది కాదు.

తుదకు గుడ్డ. ఇక్కడనే అందరును ఆగిపోవుదురు. ఒక బండి సీట్లకు, తలుపులకు కలిపి 10, 15 గజముల గుడ్డ చాలును. ఇంత కొద్ది గుడ్డకు ఏ మిల్లును యంత్రము సిద్ధము చేయదు. ఐతే మిల్లు చేయలేనిది మగ్గము చేయగలదని మా అభిప్రాయము. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వంటి ఊళ్లు మన చేరువలో ఉన్నవి. చేనేతవానికి 15 గజములు చిన్న పని కాదు, తగిన పనియే. మోహేరు మన మగ్గము మీద రాకపోవచ్చును. చారల గుడ్డ, గళ్ల గుడ్డ తప్పక వచ్చును. ఐదారుగురు యజమానులు కలసి అడిగినచో నేతగానికి కూలి గిట్టును, బండికి గుడ్డ దక్కును. కాని నేతగాడును అదే ప్రశ్న వేయును: "నమూనా ఏదీ?"

ఈ మాట కేవలము విలాసవంతుల ముచ్చట అని తోపవచ్చును. కాదు. 2021లో కేంద్రప్రభుత్వము పాతకాలపు వాహనముల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నియమములు చేసినది. 50 ఏండ్లు దాటి, మూల రూపము చెడక, పెద్ద మార్పులు పొందక ఉన్న వాహనములకు అందు స్థానము కలదు. వాటి సంఖ్యాఫలకము మీద 'వి.ఎ.' అను రెండు ఇంగ్లీషు అక్షరములు ఉండును. మూల రూపమును చట్టము గౌరవించుచున్నప్పుడు, మూలము ఎట్లుండెనో తెలుపు ఆధారమును మనము చెత్తబుట్టలో వేయుట తగునా?

నగరమున ఎన్నో అమెరికా బండ్లు తుక్కుగా పోయినవి. చౌమహల్లాలోను, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియములోను కొన్ని పాత బండ్లు నిలిచినవి. వాటిని చూచుటకు పోయినవారు బానెట్టు మెరుపును చూచి తిరిగిరాక, అద్దములోనుండి సీటును కూడ ఒకమారు చూడవలెనని మా కోరిక. ఇనుము మీద తుప్పును గీకి మరల రంగు వేయవచ్చును. విరిగిన గేరును మరల పోత పోయవచ్చును. గుడ్డ మాత్రము ఒకమారు పోయినచో, దానిని చూచిన కన్నులు సైతము మూసికొన్న పిమ్మట, అది ఉండెనని చెప్పు దిక్కు ఉండదు.

మైలార్‌దేవ్‌పల్లి ప్లిమత్ సంగతి చెప్పి ముగింతుము. ఆ వృద్ధుడు పాత కవరు లేదని విని వెడలిపోలేదు. దీపము పట్టుకొని బండిలో దూరి, ఒక పూట వెదకినాడు. వెనుక సీటు ప్రక్కన, గోడ అట్ట క్రిందికి మడిచిన మూలలో, అరచేయి యంత గుడ్డ ముక్క దొరికినది. బూడిద రంగు నేల. దాని మీద సన్నని ఎఱ్ఱ చార. మా మిత్రులు దానిని చూచి చాలసేపు మాటాడలేదు. తమ చిన్ననాట తాతగారి ప్రక్కను కూర్చుండి ఆ చారను వ్రేలితో గీచెడివాడనని, ఇన్నేండ్లు అది మరచితినని మెల్లగా అన్నారు.

ప్రస్తుతమునకు సీట్లు చారలేని బూడిదరంగు గుడ్డతో కుట్టించినారు. స్ప్రింగులు పాతవే. ఎఱ్ఱచార గుడ్డ నేయగల మగ్గమునకై వెదకుచున్నారు. ఆ అరచేయి ముక్కను కాగితపు కవరులో పెట్టి, బండి ముందరి అరలో భద్రపరచినారు. కవరు మీద వ్రాసినది ఒక్క మాట: "పారవేయవద్దు."